గీత వంకరగా ఉందా? అయితే ప్యాక్ చేయండి

బెంగళూరులో ఐటీ వాళ్లుండే మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో కలంకారీ చీర కొనేవాళ్లు ఇప్పుడు ముందుగా తప్పులు వెతుకుతున్నారు. నెమలి ముక్కు కాస్త వంకర పోయిందా, ఎక్కడైనా చుక్క జారిందా? దొరికితే "ఆహా, చేత్తో వేసిందే!" అని మురిసిపోతారు. మరుక్షణం అదే చుక్క చూపించి రెండు వేలు తగ్గించమంటారు. ఒకే చుక్కతో ధర పెంచనూ వచ్చు, దించనూ వచ్చు. ఇంతటి అర్థశాస్త్రం చాణక్యుడికీ తట్టలేదు.

అసలు తప్పంతా చేత్తో కలంకారీ గీసే శ్రీకాళహస్తి పనివాళ్లది. మరీ నిదానం. గుడ్డ తెచ్చి గీసేయొచ్చుగా? ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాలల్లో కొవ్వు లేకపోతే రంగు గీత దాటి పాకిపోతుందట. నల్లరంగు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి 15, 20 రోజులు పులియబెడతారు. రెండు వారాల్లో పని తేల్చే సాఫ్ట్‌వేర్ స్ప్రింట్‌లో పులియని బెల్లాన్ని ఏ ప్రాజెక్ట్ మేనేజర్ సహిస్తాడు? ఆ నీళ్లను వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిలోంచి పిండుతూ గీయాలి. గుడ్డలోని కరక్కాయ తగలగానే గీత నల్లబడుతుంది. చెయ్యి వణికితే వెనక్కి తీసుకోడానికి కంట్రోల్ జెడ్ లేదు. ఎరుపు మరీ మొండిది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు రాయాలి, అది సరిగ్గా కనిపించదు. మంజిష్ఠ వేరుతో ఉడకబెట్టాకే ఎక్కడ రాశారో, ఎక్కడ మరిచారో బయటపడుతుంది. మిగిలిన పటిక పారే నీళ్లలో కొట్టుకుపోకపోతే పక్కనంతా ఎర్ర మరకలు. ఆ ఊరి స్వర్ణముఖి నది ఎండితే? సాఫ్ట్‌వేర్ భాషలో దాన్ని డిపెండెన్సీ, అంటే ఇంకోదాని కోసం ఆగిన పని, అంటారు, ఫిర్యాదు టికెట్ వేసి ఊరుకుంటారు.

డిజిటల్ ప్రింటు సంగతి వేరు. బటన్ నొక్కితే చీర వచ్చేస్తుందని లోకం నమ్మకం, ఒక్క నొక్కేవాడికి తప్ప. డిజైను అంచులు అన్నివైపులా కలిసేలా రిపీట్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే నమూనా, కట్టాలి. అర మిల్లీమీటరు తప్పినా చీర పొడుగునా అతుకు కనబడుతుంది. కాటన్ మీద రియాక్టివ్ ఇంకు, అంటే నూలుతో రసాయనికంగా కలిసిపోయే రంగు, పట్టాలంటే గుడ్డకు ముందే సోడా, యూరియా, ఆల్జినేట్ అనే జిగురు పట్టించి ఆరబెట్టాలి. ప్రింటయ్యాక 102 డిగ్రీల ఆవిరిలో ఎనిమిది పది నిమిషాలు ఉంచి, బాగా ఉతకాలి. ఆవిరి చాలలేదా, మొదటి ఉతుకులోనే రంగు బకెట్లోకి. ఇంకు చిమ్మే ఒక్క నాజిల్ మూసుకుపోతే తెల్ల చార. తెర మీది మెరూన్ గుడ్డ మీద ఇటుక రంగై దిగుతుంది. ముంచడం, ఆరబెట్టడం, ఉడికించడం, ఉతకడం: గేదె పాల బదులు యూరియా వచ్చింది, అంతే.

అయినా డిజైనుకు డబ్బులడిగితే "కంప్యూటరేగా గీసింది" అంటారు. అనేది ఎవరు? కంప్యూటర్ ముందు కూర్చుని గంటకిన్ని డాలర్లని బిల్లు వేసేవాళ్లే.

వ్యాపారులు తెలివైనవాళ్లు కాబట్టి మధ్యేమార్గం కనిపెట్టారు. చేతి కలంకారీని స్కాన్ చేసి, వంకరలతో సహా ప్రింటు వేయడం. పట్టుకోవడం తేలికే. ఒక నెమలి ముక్కు వంకరైతే దాని వంశమంతటికీ అదే వంకర, జారిన చుక్క ప్రతి రిపీట్‌లోనూ అదే చోట జారుతుంది. చీర తిరగేస్తే వెనకవైపు వెలవెలబోతుంది. చేతిపనిలో రంగు చాలావరకు వెనక్కీ దిగుతుంది.

కాబట్టి అపార్ట్‌మెంట్ సంఘాలకు ఒక వినతి. గేటు దగ్గర రేటు కార్డు పెట్టండి. చేతి వంకరకు ఇంత, యంత్రం వంకరకు అందులో సగం, స్కాన్ చేసిన వంకరకు జీఎస్టీ అదనం. వంకర పరీక్షకు ఒక కమిటీ. సభ్యుల కొరత ఉండదు.

జనవరిలో కుమారకృప రోడ్డులో చిత్రకళా పరిషత్తు చిత్రసంతె అనే చిత్రాల సంత జరిపినప్పుడు ఈ నిపుణులంతా అక్కడే కనిపిస్తారు. "ఒరిజినలా, ప్రింటా?" అని గట్టిగా నిలదీస్తారు. ఒరిజినలేనని తేలాక, తృప్తిగా ఫోన్ తీసి ఫోటో తీసుకుంటారు, ఇంటికెళ్లి ప్రింటు వేయించుకోవడానికి.