పాపానికి పట్టిన గతి, పాపం!

పిచ్చుకలు తగ్గిపోతున్నాయని బాధపడేవాళ్లున్నారు. పులులకు అభయారణ్యాలున్నాయి. పాపం సంగతి పట్టించుకునే నాథుడే లేడు. జర్మనీలోని హాంబర్గ్ రేవులో, సాంక్ట్ పౌలి పేటలో, రీపర్‌బాన్ అనే వీధిలో తరతరాలుగా దర్జాగా బతికిన పాపం ఇవాళ ఎంత దీనంగా రోజులు వెళ్లదీస్తోందో లోకానికి చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

పేరు చెబితేనే యూరప్ అంతా కన్నుగీటే ఆ వీధి పేరుకు అర్థం 'తాళ్లు పేనే బాట'. అంతే. ఓడలకు మోకులు పేనాలంటే పొడుగ్గా, తిన్నగా ఉండే జాగా కావాలి. ఊళ్లో అంత చోటు లేక 17వ శతాబ్దంలో ఆ పనివాళ్లను కోటగోడ బయటికి పంపారు. ఇప్పటికీ ఆ వీధి దాదాపు 930 మీటర్ల పొడవున ఉంటుంది. అందులోని వంకరలన్నీ తర్వాత మనుషులు తెచ్చిపెట్టినవే. ప్లేగు రోగుల ఆస్పత్రి, కంపు కొట్టే పనులు, గారడీవాళ్లు... ఊరికి అక్కర్లేనివన్నీ గోడ బయటే ఉండేవి. వాటి పక్కనే సరదా కూడా గుడిసె వేసుకుంది. పెద్దమనుషులు దాన్ని బయట ఉంచింది దూరంగా ఉండటానికి కాదు, వెళ్లినప్పుడు ఇరుగుపొరుగు కంట పడకుండా ఉండటానికి. ఒకటే ఇబ్బంది. 1860 చివరిదాకా, చీకటి పడ్డాక గుమ్మం దాటి ఊళ్లోకి రావాలంటే సుంకం కట్టాలి. పొద్దుపోయేకొద్దీ సుంకం పెరిగేది. ఆయనగారు ఎన్నింటికి ఇల్లు చేరారో అడగక్కర్లేదు, జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటే చాలు.

పక్క సందు పేరు గ్రోస్సె ఫ్రైహైట్, అంటే 'మహా స్వేచ్ఛ'. ఇదేదో బట్టల విషయంలో స్వేచ్ఛ అనుకుంటారేమో, కాదు. ఒకప్పుడు ఆల్టోనా అనే వేరే ఊరి ప్రభువు, కేథలిక్కుల్లాంటివాళ్లు తమ పద్ధతిలో దేవుణ్ని కొలుచుకోవడానికీ, వృత్తి సంఘాల గొడవ లేకుండా పని చేసుకోవడానికీ ఇచ్చిన స్వేచ్ఛ అది. ఆ కేథలిక్కుల చర్చి ఇప్పటికీ నియాన్ దీపాల మధ్య బుద్ధిగా నిలబడే ఉంది. నావికులు ఆ స్వేచ్ఛను కాస్త విశాలంగా అర్థం చేసుకున్నారు, అంతే తేడా.

పాపానికి ఆ రోజుల్లో నియమనిష్ఠలు కూడా ఉండేవి. 1960 ఆగస్టులో లివర్‌పూల్ నుంచి బీటిల్స్ అనే కుర్రాళ్లు ఆ సందులో వాయించడానికి వచ్చారు. ఓ సినిమా హాలు వెనక కొట్లో, మరుగుదొడ్ల పక్కన పడుకునేవారు. అందులో జార్జ్ హారిసన్‌కు పదిహేడేళ్లు. పద్దెనిమిది నిండనివాడు రాత్రి పది దాటాక క్లబ్బులో ఉండకూడదని రూలు. మూడు నెలలు రాత్రంతా గిటారు వాయిస్తున్నా ఎవరికీ కనబడని ఆ వయసు, నవంబరులో ఉన్నట్టుండి కనబడింది. దేశం దాటించేశారు. 2008లో అదే సందు మొదట్లో వాళ్ల పేరున ఓ చౌరస్తా కట్టి, స్టీలు బొమ్మలు నిలబెట్టారు. స్టీలుకు వయసడిగేవాడు లేడు.

మరి ఇంత వైభవాన్ని కూల్చిందెవరు? పాదిరీలా? వాళ్లు వందల ఏళ్లు ప్రసంగించినా ఒక్క దీపం ఆరలేదు. పోలీసులా? వీధి మధ్యలోనే దావిద్‌వాఖె స్టేషన్ ఉంది, 1914లో కట్టిన భవనం. దాని పక్కనే వ్యాపారం హాయిగా సాగింది. నాజీలు 1933లో అక్కడి వేశ్యల సందు హెర్బర్ట్ వీధికి రెండువైపులా తలుపులు బిగించారు. వాళ్ల జర్మనీలో అలాంటి వీధి ఉందని ఒప్పుకోలేరు, మూసేయనూ లేరు. అందుకని కనబడకుండా చేశారు. నాజీలు పోయారు, తలుపులు మాత్రం అలాగే ఉన్నాయి.

హంతకి ఓ ఇనప పెట్టె. 1968లో హాంబర్గ్‌కు మొదటి పూర్తి స్థాయి కంటైనర్ ఓడ వచ్చింది. అప్పటిదాకా బస్తా బస్తా దించాలి కాబట్టి ఓడ వారం పది రోజులు రేవులోనే పడుండేది. కూలీలు దించుతున్నంతసేపూ నావికులకు పనిలేదు, జీతం చేతిలో ఉంది, వీధి నడిచేంత దూరంలో ఉంది. పాపానికి ఇంతకన్నా మంచి పెట్టుబడి ఏముంటుంది? క్రేన్లు వచ్చి పెట్టెలు ఎత్తడం మొదలెట్టాక ఆ వారం కాస్తా ఒకటి రెండు రోజులైంది. ఓడ ఆగేది ఎల్బె నది అవతలి గట్టున, ఊరికి దూరంగా. పెట్టెకు మంచీచెడూ తెలీదు, కాలక్షేపం అసలే తెలీదు.

ఇప్పుడక్కడికి వచ్చేవాళ్లు పాపం చేయరు, చూస్తారు. గైడు వెనక గుంపుగా నడిచి, 'ఇదిగో ఇక్కడే' అంటే తలలూపి ఫోటో తీసుకుంటారు. 1986లో మొదలైన పిల్లివేషాల మ్యూజికల్ ఒకటి 2001 దాకా ఆడింది. కుటుంబాలు బస్సులేసుకుని వచ్చాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే చోట పాపం ఎలా తలెత్తుకుంటుంది చెప్పండి? 2007లో ఆయుధాలు నిషేధించారు, 2009లో వారాంతపు రాత్రుల్లో గాజు సీసాలు కూడా. కత్తి లేదు, సీసా లేదు, ఇక తగాదా వస్తే మర్యాదగా మాట్లాడుకోవాలి కాబోలు. బారులో కూర్చుంటే బిల్లు ఎక్కువని కుర్రాళ్లు కిరాణా కొట్లో బీరు కొని రోడ్డు మీదే తాగేస్తున్నారు. బార్లవాళ్లు లబోదిబోమంటున్నారు. పొదుపుగా తాగడం! ఆ మాట రాయడానికే నాకు చేయి రావడం లేదు.

రాత్రంతా తెరిచుండే పెట్రోలు బంకు, దాని మీద, పక్కన జనం కాపురముండే ఇళ్లు ఉండేవి. 2013 డిసెంబరులో గోడలు కదిలాయని జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు, మరుసటేడు కూల్చేశారు. ఏళ్ల తరబడి అక్కడ గుంతే మిగిలింది. వీధి మొదట్లో మాత్రం 2012కల్లా జంట టవర్లు లేచాయి. నాట్యమాడుతున్న జంటలా వంగి ఉంటాయట. దూరం నుంచి చూస్తే తాగి తూలుతున్నాయేమోనని కాస్త ఆశ కలుగుతుంది. దగ్గరికెళ్తే లోపల ఆఫీసులు.

మరి నావికులేరి? శనివారం రాత్రి తెల్ల టోపీలు పెట్టుకుని చిందులేసే గుంపులు బోలెడు కనబడతాయి. దగ్గరికెళ్లి అడిగితే, పెళ్లికి ముందు స్నేహితులతో పార్టీకొచ్చిన పెళ్లికొడుకులు. అసలువాళ్లు ఎల్బె అవతల, కంటైనర్ల మధ్య 1986 నుంచి నడుస్తున్న డుక్‌డాల్బెన్ అనే నావికుల క్లబ్బులో ఉంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు. వ్యానే వచ్చి ఎక్కించుకుపోతుంది. అన్ని మతాలవాళ్లకూ కలిపి ఓ ప్రార్థన గది కూడా ఉందక్కడ. దొరికిన రెండు గంటల్లో మన కుర్రాడు ఓ మూల కూర్చుని, వైఫై పట్టుకుని, ఇంటికి వీడియో కాల్ చేస్తాడు.

"ఏమండీ, ఈ నెల ఇంటి లోను కట్టారా?"