మహారాజశ్రీ శాతం గడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఎంత శాతం పూర్తయింది’ గడి గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మా బృందంలో ఆరుగురమూ క్షేమం. మీరు కూడా, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రాసే ట్రాకర్ షీటులో, మా పేర్లకూ గడువు తేదీలకూ నడుమ, ఎప్పటిలాగే పచ్చగా ఉన్నారని తలుస్తాను. నిన్న సాయంత్రం చూసినప్పుడు ఒకటి రెండు చోట్ల పసుపు రంగులోకి తిరిగి కనిపించారు. ఒంట్లో బాగానే ఉందా?

మన పరిచయానికి పదకొండేళ్లు నిండాయి. ఉదయం పదిన్నరకు ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి మిమ్మల్ని నింపాను. అంత నియమంగా నేను డాక్టరు రాసిన మందులు కూడా ఏనాడూ వేసుకోలేదు. అయినా మీ గురించి నాలుగు మాటలు మీతోనే చెప్పుకొనే సందర్భం ఇన్నాళ్లకు వచ్చింది.

మొదట్లో మీకు నిజమే రాసేవాడిని. వయసు అలాంటిది. ఒకసారి నెలాఖరు తేదీల్లో మాత్రమే లెక్క తప్పే దోషం ఒకటి నా వంతుకు వచ్చింది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ రావాలి? ఫిబ్రవరిలో 31 లేదు కదా. మా ప్రోగ్రాం మాత్రం ఉందనుకుని మార్చిలోకి దూకేది. అది ఎక్కడ దూకుతోందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మీలో సున్నా రాశాను, ఎందుకంటే సరిచేసింది ఏమీ లేదు. మేనేజరు గారు నాలుగుసార్లు ఫోను చేశారు. మూడో రోజు ఉదయం ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరుస సరిచేసి, మీలో నూరు వేశాను. సంతోషిస్తారనుకున్నాను. “మధ్యలో ఏమీ లేకుండా సున్నా నుంచి నూరు ఎలా వస్తుందండీ?” అని అయిదోసారి ఫోను చేశారు.

పక్క సీటులోని పెద్దాయన జాలిపడి విద్య నేర్పాడు. “సున్నా పెడితే ఫోను వస్తుంది. యాభై పెడితే వివరాలు అడుగుతారు. డెబ్భై పెట్టు, వారం రోజులు నీ జోలికి ఎవరూ రారు.” కాకిలెక్క అంటారే, అది. ఆ రోజు నుంచి నేను మంచి ఉద్యోగిని.

డెబ్భై తరువాత తొంభై. తొంభైకి చేరాక మాత్రం మీరు కాపురం పెట్టేస్తారు. ఈ సంగతి కనిపెట్టింది మేము కాదు లెండి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పనిచేసిన టామ్ కార్గిల్ చెప్పిన సూత్రం ఒకటి 1985లోనే అచ్చయింది: ప్రోగ్రాంలో మొదటి 90 శాతానికి, ఉన్న సమయంలో 90 శాతం పడుతుంది, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం పడుతుంది. కలిపితే 180. ప్రాజెక్టు గడువులు ఎందుకు దాటిపోతాయో ఇంత పొదుపుగా చెప్పినవారు నాకు తెలిసి లేరు. మీ గడిలో 180 వేస్తే మాత్రం ఎర్రబడి, ‘చెల్లని విలువ’ అంటారు.

మీ భక్తుల గురించి కూడా చెప్పాలి. మా మేనేజరు గారికి మీరొక్కరు చాలేవారు కాదు. మధ్యాహ్నాలు నా స్క్రీను కూడా పంచమనేవారు. ఆయన గొంతు ఫోనులో, నా బాణం గుర్తు తెర మీద. “కాస్త పైకి వెళ్లండి. ఇంకాస్త. ఆ... ఆ బటన్ నీలం కొంచెం ముదురుగా లేదూ?” నలభై నిమిషాలు నీలం మీద నడిచాయి. ముదురు నీలం, లేత నీలం, మళ్లీ మొదటి నీలం. కోడిగుడ్డుకు ఈకలు పీకడం వినడమే గానీ, అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఆ బటన్ నొక్కితే ఏం జరగాలో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే, ఏమీ జరగడం లేదని చెప్పేవాడిని.

మీకు వంశచరిత్ర కూడా ఉంది. మీ తాతగారు స్టాప్‌వాచ్. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఎన్ని సెకన్లో కొలిచి, ఎలా చేయాలో పైవాడే నిర్ణయించాలని ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికన్ ఇంజనీరు ప్రచారం చేశాడు. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో ఆ గడియారం చేత పట్టుకుని ఒక మనిషి పోత పని చేసేవారి పక్కన నిలబడ్డాడు. వాళ్లు పనిముట్లు కింద పెట్టి బయటికి నడిచారు. వ్యవహారం వాళ్ల పార్లమెంటు దాకా వెళ్లింది; సైనిక కర్మాగారాల్లో ఆ కొలతకు డబ్బు ఖర్చు పెట్టకూడదని 1915లో చట్టంలో రాసుకున్నారు. మీరు అదృష్టవంతులు. మీ చేతిలో గడియారం ఉండదు, మీరు ఎవరి పక్కనా నిలబడరు. మా అంకెలు మేమే తెచ్చి మీకు సమర్పించుకుంటాం. అలాంటప్పుడు బయటికి నడిచేది ఎవరి మీద అలిగి?

ప్రాజెక్టు మేనేజర్లు ప్రతి చిన్న పనిలోనూ తలదూర్చవచ్చా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే కూడదనను. రాత్రి పూట, జనం వాడుతున్న డేటాబేస్‌లో రికార్డులు చెరిపే పని పడినప్పుడు, ప్రతి ఆదేశమూ నాతో పాటు చదివే ఇంకో జత కళ్లు నా భుజం మీద ఉండాలని నేనే కోరుకుంటాను. కొత్తగా చేరిన మనిషికి మొదటి వారాలు అలాగే ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. అక్కడ చూస్తున్నది పనిని. మీ భక్తుల మీద నా ఫిర్యాదు, వాళ్లు మరీ దగ్గరగా చూస్తారని కాదు. అసలు చూడనే చూడరని. రోజుకు ఎనిమిది సార్లు మిమ్మల్ని చూసి, పనిని చూశామనుకుంటారు. పేనుకు పెత్తనం ఇస్తే తలంతా కొరికిందట. మీకు ఇచ్చిన పెత్తనం కూడా అలాంటిదే. ఏమీ అనుకోకండి.

ఇంతదాకా రాసి ఇక్కడ ఆగిపోతే నేను పెద్దమనిషిగా మిగిలేవాడిని. కానీ నిరుడు నన్ను మేనేజరును చేశారు.

మొదటి వారంలోనే, రాత్రి పదకొండింటికి, నా పైవారి నుంచి సందేశం: “ఎంతవరకు వచ్చింది?” చేతిలో ఏమీ లేదు. షీటు తెరిచాను. మీరు 82 అన్నారు, 82 పంపాను. ఆయన మరొకరికి పంపి ఉంటారు, వారు ఇంకొకరికి. అందరమూ నిద్రపోయాం. మీరు ఎవరికి దేనికి పనికొస్తారో ఆ రాత్రి తెలిసింది. మా పాత మేనేజరు గారు నీలం రంగు పట్టుకుని అంతసేపు ఎందుకు వేలాడారో కూడా తెలిసింది. అది ఒక్కటీ ఆయన కంటికి కనిపించే వస్తువు. మరుసటి ఉదయం నుంచి పదిన్నరకు అడగడం నా వంతయింది. బాగానే అడిగేవాడిని, గొంతు కూడా కుదిరింది.

మొన్న బుధవారం మా బృందంలోని అమ్మాయి గడిలో డెబ్భై కనిపించింది. గురువారమూ డెబ్భై. ఆ డెబ్భైని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఫోను చేయకుండా ఆమె సీటు దగ్గరికి వెళ్లి, “ఒకసారి చూపించమ్మా” అన్నాను. చూపించింది. పని అయిపోయి తొమ్మిది రోజులైంది. పరీక్షించడానికి ఇంకో విభాగం వారి సర్వరులోకి అనుమతి కావాలి, అది రాలేదు.

“మరి చెప్పలేదేం?”

“అది రాయడానికి గడి లేదు కదండీ” అంది.

అనుమతి అడగవలసింది ఎవరో వెతికాను. 43వ వరుస. ఎదురుగా నా పేరు. మీ చోట నెల క్రితం నేనే వేసిన డెబ్భై.

ఆ విభాగం వారు నాలుగు గంటలకు సీటు వదిలి వెళ్లిపోతారు. ఇప్పుడు మూడూ నలభై అయింది, కనుక ఉత్తరం ఇంతటితో ఆపుతున్నాను. మీలో ఆ డెబ్భై చెరిపేసి సున్నా వేశాను. పదిన్నరకు ఎవరైనా ఫోను చేస్తే నేను లైనులో లేనని చెప్పండి.

ఇట్లు,
43వ వరుస