కష్టంలో ఉన్న ఇంటికి బిర్యానీ పంపకండి, కాసరోల్ చేసి తీసుకెళ్లండి

మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "ఏ అవసరమున్నా మొహమాటపడకుండా చెప్పండి" అట. ఎవరు చెప్తారండీ? ఇంట్లో మనిషి ఐసీయూలో ఉంటే, పక్క ఫ్లాట్‌కి ఫోన్ చేసి "కాస్త అన్నం పంపండి" అనడానికి ఎవరికి నోరొస్తుంది? చావు ఇంట పొయ్యి వెలిగించరని ఇరుగుపొరుగువాళ్లే వండి తెచ్చే అలవాటు మనది. అడిగి తెచ్చేవాళ్లు కాదు, తెచ్చేవాళ్లంతే. కొండాపూర్‌లో పదిహేనో అంతస్తుకి వచ్చేసరికి అది ఎటు పోయింది?

కొందరు యాప్‌లో బిర్యానీ ఆర్డర్ పెడతారు. మంచి మనసుతోనే, కాదనను. కానీ రాత్రంతా హాస్పిటల్ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లకి ఆ మసాలా గొంతు దిగదు. హైదరాబాద్‌లో ఉంటూ బిర్యానీని ఇంత మాట అంటావా అని కోప్పడినా సరే.

అలాంటి ఇంటికి కాసరోల్, అంటే దుంపలు, కూరలు, చికెన్ మీద వైట్ సాస్ పోసి ఓవెన్‌లో కాల్చే వంటకం, ఎలా పట్టుకెళ్లాలో నాకు చేతల్లో చూపించింది సికింద్రాబాద్ లాలాగూడలో పెరిగిన నా స్నేహితురాలు. 1893లో అక్కడ నిజాం రైల్వే వర్క్‌షాప్ వచ్చాక ఆ చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. వాళ్లదీ అలాంటి ఇల్లే. మా అమ్మకి ఆపరేషన్ జరిగినప్పుడు, ఫోన్ కూడా చేయకుండా వచ్చింది. టవల్‌లో చుట్టిన ఫాయిల్ ట్రేలో కాసరోల్, సంచిలో పేపర్ ప్లేట్లు, స్పూన్లు. "ట్రే తిరిగివ్వక్కర్లేదే, తిని పడేయ్" అంది. మన ఇళ్లలో ఎవరిదైనా గిన్నె ఉంటే ఖాళీగా పంపం కదా, గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. ఆ బాకీ కూడా నా నెత్తిన పెట్టలేదు తను. ఆవకాయ లేనిదే ముద్ద ఎత్తని మా నాన్న, మారు మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకున్నారు.

తను చేసే పద్ధతి చెప్తాను. అర కిలో బంగాళాదుంపలు ఉడికించి చక్రాల్లా కోయాలి. క్యారెట్, బీన్స్, బఠాణీ సగం ఉడికితే చాలు. ఉడికించిన చికెన్‌ని చేత్తో పీచులుగా విడదీయాలి, శాకాహారులైతే వేయించిన పుట్టగొడుగులు. అసలు పనంతా వైట్ సాస్‌లోనే ఉంది. 50 గ్రాముల వెన్నలో 50 గ్రాముల మైదా సన్నమంట మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి, రంగు మారకూడదు. 600 మిల్లీలీటర్ల పాలు కొంచెం కొంచెంగా పోస్తూ చెయ్యి ఆపకుండా కలపాలి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. గరిటెకి పట్టి మెల్లగా జారేటప్పుడు దించేయాలి, ఎందుకంటే ఓవెన్‌లో దుంపలు ఇంకా పీల్చుకుంటాయి. ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు జాజికాయ. ఇంక కారం వద్దు, అల్లంవెల్లుల్లి వద్దు. దయచేసి గరం మసాలా అసలే వద్దు.

ట్రేలో దుంపలు, కూరలు, చికెన్ పరిచి సాస్ పోసి, నిన్నటి బ్రెడ్‌ని మిక్సీలో పొడి చేసి కాస్త వెన్న కలిపి పైన చల్లాలి. ముందే వేడెక్కిన ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల దగ్గర అరగంట. అంచుల్లో సాస్ బుడగలు రావాలి, పైన బంగారు రంగు రావాలి. తీశాక పది నిమిషాలు ఆగండి, అప్పుడే ముక్కగా లేస్తుంది.

రీల్స్‌లో చూస్తుంటాను, చీజ్ తీగల్లా సాగాలని అర కిలో గుమ్మరిస్తారు. అది కెమెరా కోసం చేసిన వంట. మళ్లీ వేడి చేస్తే రబ్బరైపోతుంది, నూనె పైకి తేలుతుంది. కాసరోల్ గొప్పతనం మర్నాడు కూడా తినగలగడమే. గుప్పెడు చీజ్ చాలు, లేకపోయినా లోటేం లేదు.

ఇచ్చేటప్పుడు మూత మీద స్కెచ్ పెన్‌తో రాసేయండి: ఏమేం వేశారో, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలని, మైక్రోవేవ్‌లో ఫాయిల్ ట్రే పెట్టకుండా ప్లేట్‌లోకి తీసి వేడి చేసుకోవాలని. గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేయండి. లోపలికి వెళ్లి కూర్చుంటే వాళ్లు మీకు టీ పెట్టాల్సి వస్తుంది.