గొంతు తప్పుకు గర్భసంచికి శిక్ష

పెళ్లయి ఏడాది తిరిగిందో లేదో, కోడలి గర్భసంచి ఉమ్మడి ఆస్తి అయిపోతుంది. "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని అడిగే హక్కు పాలవాడి దగ్గర్నుంచి పెదమావగారి వియ్యంకుడి దాకా అందరికీ ఉంది. రాజ్యాంగంలో రాయలేదంటే, రాయాల్సిన అవసరం కనపడకే.

విచారణ కూడా పకడ్బందీగా సాగుతుంది. ముందు జాతకం, అందులో నాగదోషం, దానికి కాళహస్తిలో రాహుకేతు పూజ. తర్వాత రావిచెట్టుకు ప్రదక్షిణలు. అప్పటికీ నీళ్లోసుకోకపోతే 'ఒంట్లో వేడి'. మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి జోలికి మాత్రం ఎవరూ పోరు. సాక్షాత్తూ పసుపుతాడు చుట్టుకున్న చోట దోషం ఉంటుందని ఎలా అనుకుంటాం?

ఉంటుంది మరి. థైరాయిడ్ మందగిస్తే దాన్ని అదిలించడానికి మెదడు టీఆర్‌హెచ్ అనే హార్మోను ఎక్కువగా వదులుతుంది. ఆ అదిలింపుకు కొందరిలో ప్రొలాక్టిన్ కూడా పెరుగుతుంది. అది పాలు పడేటప్పుడు పెరగాల్సిన హార్మోను. దాంతో ఒళ్లు బాలింతనన్న భ్రమలో పడి అండాన్ని వాయిదా వేస్తుంది. పుట్టని బిడ్డకు పాలివ్వబోయి పుట్టాల్సిన బిడ్డను ఆపడమన్నమాట! అండం విడుదల కాని నెలలో, గర్భసంచి లోపొరను అదుపులో పెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోను సరిగా ఉండదు. ఆ పొర అదుపు లేకుండా మందమై, రాలడం మొదలయ్యాక ఓ పట్టాన ఆగదు. పది రోజులైనా నెలసరి తగ్గలేదనే వాళ్లలో కొందరి కథ ఇదే.

ఈ కథకు మన రెండు రాష్ట్రాల్లో కత్తితో ముగింపు పలకడం ఆనవాయితీ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. దేశంలో ఎక్కువమంది చెప్పిన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం లేదా నొప్పి. అందరికీ థైరాయిడే అని నేననను, గడ్డలూ ఇంకా వేరేవీ ఉంటాయి. కానీ కోసేముందు ఎంతమందికి థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష రాశారు? "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా ఆ సంచి?" అన్నాక రక్తపరీక్ష దేనికి, దండగ.

మగవాడికి థైరాయిడ్ ఉండదన్నది మన మరో దృఢవిశ్వాసం. ఉంటుంది, అది మందగిస్తే వీర్యం నాణ్యతా దెబ్బతినొచ్చు. ఆ మాటంటే "మా వంశంలో అలాంటివి లేవు" అంటారు. ఉంటే ఆ వంశం మీదాకా వచ్చేది కాదనే నమ్మకం.

లోపం బయటపడితే వైద్యం మాత్రం పెద్ద కష్టం కాదు. పరగడుపున మంచినీళ్లతో, థైరాయిడ్ హార్మోను లోటు తీర్చే చిన్న లెవోథైరాక్సిన్ మాత్ర. కాఫీకి కనీసం అరగంట ఎడం, ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటలు. ఫిల్టర్ దిగుతున్న వంటింట్లో ఆ అరగంట గడవడం రావిచెట్టు ప్రదక్షిణల కన్నా కఠోరమైన వ్రతం, ఒప్పుకుంటాను.

అసలు పరీక్ష కడుపు నిలిచాక. గర్భం తెలియగానే డాక్టరు మోతాదు సుమారు పావువంతు పెంచుతారు, ఎందుకంటే దాదాపు మూడో నెల దాకా బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోను ఉండదు, తల్లిదే ఆధారం. అదే రోజు అత్తగారు మాత్రల సీసా అటక మీద పెట్టేస్తారు.

"వేడి చేస్తుందమ్మా, ఇంకెందుకు? మేమేం మాత్రలు మింగి కన్నామా?"

ఆవిడకు నిలవకుండా పోయిన కాన్పులెన్నో ఆవిడా చెప్పరు, మనమూ అడగం.