అల్లుడుగారి ట్రక్కు, అత్తగారి సీటు

మా అల్లుడు సాఫ్ట్‌వేర్ మనిషి. ఇన్నేళ్ల అమెరికా ఉద్యోగంలో ఆయన మోసిన అతి పెద్ద బరువు లాప్‌టాప్ సంచి. అయినా సంక్రాంతి వెళ్లగానే ఒక ట్రక్కు కొన్నాడు. లారీ కాదు, ముందు మనుషులకు సీట్లు, వెనక సామానుకు తొట్టి ఉండే పికప్ బండి. టెక్సస్‌లో, అందునా ఫ్రిస్కోలో మా అమ్మాయి వాళ్లుండే వీధిలో, ట్రక్కు లేని ఇంటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వీధిలో ఎవరూ ఇటుకలు మోయరు, గడ్డిమోపులు మోయరు. శనివారం నాడు ట్రక్కులను కడుగుతారు, అంతే.

"ఇంత ధర ఎందుకు బాబూ?" అని అడిగాను.

"కోళ్ల వల్ల మావయ్యగారూ."

వేళాకోళం అనుకున్నాను. కాదు. అరవైలలో ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయట. అందుకు బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడట. అది 1964 నుంచి అమలులో ఉంది. ఆ జాబితాలో బంగాళాదుంప పిండి, బ్రాందీ కూడా ఉండేవి. వాటిని తర్వాత వదిలేశారు గానీ ట్రక్కును మాత్రం వదల్లేదు. బయటివాళ్లు పోటీకి రాకపోవడం వల్ల ఇక్కడి ట్రక్కులు ధరలోనూ కొలతలోనూ ఇలా తయారయ్యాయని అల్లుడి సిద్ధాంతం. జాన్సన్ స్వయంగా టెక్సస్ వాడేనట. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోళ్ల వల్ల పొలాలు పోగొట్టుకున్న వాళ్లను చూశాను గానీ, కోళ్ల వల్ల ట్రక్కు ధర పెరిగిందని వినడం ఇదే మొదలు.

పెద్ద సైజు ట్రక్కే కొనేవాడు. కానీ అది గ్యారేజీలో పట్టదు. తలుపు మూసుకోవాలంటే దాని మూతి వంటింట్లోకి రావాలి. అమ్మాయి మినీవ్యాన్ కొనమంది. ఆ మాట వింటేనే అల్లుడికి వయసు మీద పడినట్టు ఉంటుందట. చివరికి మధ్యేమార్గంగా మధ్య సైజు ట్రక్కు దగ్గర రాజీ కుదిరింది.

మధ్య సైజు అంటే ఏమిటో వెనక తలుపు తీసేదాకా బోధపడదు. ముందు భాగం ఇంజనుకు పోయింది. వెనక అయిదడుగులు తొట్టికి పోయింది. మిగిలినది మనుషులకు. అందులోనూ ముందు సీట్ల వాళ్లు కాళ్లు చాపుకున్నాక మిగిలినది వెనక సీటు. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ముగ్గురి సీటులో నలుగురిని సర్దడం, బస్తాలను సీటు కిందికి తోయించడం, "జరగండి బాబూ, ముందంతా ఖాళీయే" అని నిండు నమ్మకంతో అబద్ధమాడటం మా వృత్తి ధర్మాలు. ఆ సీటు చూడగానే నా మనసులో లెక్క తేలిపోయింది: ఇద్దరు పెద్దలు, ఒక టిఫిన్ క్యారియరు. పైకి మాత్రం "దివ్యంగా ఉంది బాబూ" అన్నాను. అల్లుడు కొన్న వస్తువుకు వంక పెట్టే అధికారం మామగారికి ఏ శాస్త్రమూ ఇవ్వలేదు.

కొన్నాళ్లు ఆ ట్రక్కులో అల్లుడు ఒక్కడే ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడు కాబట్టి అది నిజంగానే దివ్యంగా ఉండేది. పిల్లలిద్దరూ అమ్మాయి కారులో తిరిగేవారు. శ్రీరామనవమికి ముందు వారం వడగళ్లు పడ్డాయి. అక్కడి వడగళ్లు మన పిల్లలు ఏరుకుని నోట్లో వేసుకునేవి కావు. అమ్మాయి కారు అద్దం ముందూ వెనకా పగిలి, పైకప్పంతా సొట్టలు పడింది. కారు షెడ్డుకు వెళ్లింది. ట్రక్కు గ్యారేజీలో ఉండటం వల్ల చెక్కుచెదరలేదు. "చూశారా, మధ్య సైజు కొనడం ఎంత మంచిదైందో!" అన్నాడు అల్లుడు. అమ్మాయి ఏమీ అనలేదు. పిల్లలను పట్టీలతో కట్టి కూర్చోబెట్టే సీట్లు రెండూ కారులోంచి తీసి హాలులో పెట్టింది.

టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటితే తప్ప, ఈ సీటు ఉండి తీరాలి. మనవరాలికి నాలుగేళ్లు, కాబట్టి ముందుకు చూస్తూ కూర్చోవచ్చు. మనవడికి తొమ్మిది నెలలు, వాడు బండి వెనక్కి చూస్తూ కూర్చోవాలి. ఎత్తులోనూ బరువులోనూ ఆ సీటు హద్దు దాటనంత కాలం పిల్లలను అలాగే కూర్చోబెట్టమని 2018లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పిందట. మంచి మాటే. కానీ వెనక్కి చూసే సీటు ఏటవాలుగా పడుకుంటుంది. దానికి కావలసిన చోటుతో మా రోజుల్లో ఒక చిన్న కుటుంబం తిరుపతి వెళ్లివచ్చేది.

శ్రీరామనవమి కల్యాణానికి గుడికి వెళ్లాలి, ఉన్నది ట్రక్కు ఒక్కటే. శనివారం ఉదయం కాఫీ తాగి అల్లుడు అందులో పిల్లల సీట్లు బిగించే పని మొదలుపెట్టాడు. నా పని టార్చి పట్టుకోవడం. బండి సీటు, దాని వీపు కలిసే సందులో రెండు ఉక్కు కమ్మీలుంటాయి. 2002 తర్వాత తయారైన బళ్లన్నిటికీ ఉంటాయట. వాటికి పిల్లల సీటు కొక్కేలు తగిలించాలి. పిల్ల బరువూ సీటు బరువూ కలిపి 65 పౌండ్లు దాటితే వాటిని నమ్ముకోకుండా బెల్టుతోనే కట్టాలి. అల్లుడు బాత్రూములోని తూకం యంత్రం తెచ్చి మనవరాలిని నిలబెట్టాడు. 38. సీటు 25. మొత్తం 63. "రెండు పౌండ్లు మిగిలాయి" అన్నాడు తృప్తిగా. మా ఆవిడ మనవరాలి చేతిలోని చేగోడీల డబ్బాను మెల్లగా తీసి పక్కన పెట్టింది.

కింది కొక్కేలు ఎలాగో తగులుకున్నాయి. పిల్లల సీటు పైభాగాన్ని వెనక్కి లాగి కట్టే పైపట్టీ దగ్గర వచ్చింది చిక్కు. కారులో అయితే సీటు వెనక బోలెడు చోటు ఉంటుంది, అక్కడ కొక్కేనికి ఆధారం పెడతారు. ట్రక్కులో సీటు వెనకే గోడ. అందుకని సీటు వీపు వెనక గుడ్డతో ఉచ్చులు కుట్టారు. పట్టీని మన సీటు వెనకున్న ఉచ్చులోంచి దూర్చి, పక్క సీటు ఉచ్చుకు కొక్కెం తగిలించాలి. చేయి దూరితే చూపు ఆనదు, చూపు ఆనితే చేయి దూరదు. అల్లుడి తల, భుజాలు ట్రక్కులో ఉన్నాయి. కాళ్లు బయట గాలిలో ఉన్నాయి. లోపలి నుంచి "మావయ్యగారూ, వెలుగు కొంచెం ఎడమకు" అని వినిపిస్తోంది. ఎవరి ఎడమో తెలియక నేను అన్ని వైపులా పట్టాను. మనవరాలు అరుగు మీద కూర్చుని "నాన్న ఎప్పుడు బయటికి వస్తాడు తాతయ్యా?" అని మాటిమాటికీ అడుగుతోంది.

బిగించాక సీటును పట్టుకుని కుదపాలి. అంగుళానికి మించి కదలకూడదు. అల్లుడు కుదిపాడు. సీటు కదలలేదు, ట్రక్కు కదిలింది. "భేష్ బాబూ" అన్నాను. ఈ ఒక్క మాట మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాను.

మనవడి సీటుకు పక్కన చిన్న గాజుగొట్టం, అందులో బుడగ. బుడగ గీతల మధ్యకు వస్తేనే వాలు సరిగ్గా ఉన్నట్టు. అది ఎంతకూ రాదు. తువ్వాలు చుట్టి కింద పెట్టారు, రాలేదు. ఈత కొట్టేటప్పుడు పిల్లలు పట్టుకునే రబ్బరు గొట్టం ముక్క కోసి పెట్టారు, రాలేదు. చివరికి అమ్మాయి వచ్చి "బండి ఉన్నది ఏటవాలు వాకిట్లో కదండీ" అంది. బండిని తీసుకెళ్లి చదునైన వీధిలో పెట్టగానే బుడగ బుద్ధిగా మధ్యలో కూర్చుంది.

ఆ సీటు పట్టాలంటే దాని ముందున్న సీటు జరగాలి. జరిపారు. ఇంకా జరిపారు. ఆ ముందు సీటులో కూర్చోవలసింది నేను. మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనాయి. ఎయిర్‌బ్యాగు ఉంటుంది కాబట్టి ఛాతీకీ దానికీ మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలంటూ అల్లుడు టేపు తెచ్చాడు. "మావయ్యగారూ, ఊపిరి వదిలి ఉంచండి" అని కొలిచాడు. సరిపోయింది. గుడి దాకా ఊపిరి పీల్చకూడదా అని అడగబోయి, బాగుండదని ఊరుకున్నాను.

మేము ఆరుగురం, సీట్లు అయిదు. వెనక తొట్టి మాత్రం ఖాళీగా, గాలీ వెలుతురుతో కళకళలాడుతోంది. "నేను అందులో కూర్చుంటానులే" అన్నాను. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను తొట్టిలో ఎక్కించడం టెక్సస్‌లో నేరమని అల్లుడు చెప్పాడు. నాకు పద్దెనిమిది నిండి చాలాకాలమైందని మనవి చేశాను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఏ దేశంలోనైనా చెల్లే చట్టం అది. ఈలోగా అమ్మాయి ఎదురింటి వాళ్ల మినీవ్యాన్‌లో ఎక్కి కూర్చుంది. "నాన్నా, నేను ముందు వెళ్లి పందిట్లో చోటు చూస్తాను" అని చెయ్యి ఊపింది. ఆ మినీవ్యాన్‌లో చివరి వరుస మొత్తం ఖాళీ.

మధ్య సీటు మా ఆవిడది. అత్తగారు అల్లుడి ఎదుట ఇబ్బంది చెప్పుకోవడం మా ఇళ్లలో లేదు. ఆవిడ బెల్టు తగిలించే బకిల్ మనవరాలి సీటు కింద ఇరుక్కుంది. అందుకని ఆ సీటు వదులు చేసి, ఆవిడను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మళ్లీ సీటును ఆవిడ పక్కగా బిగించారు. మా ఆవిడను కూడా మాన్యువల్ ప్రకారమే బిగించినట్టయింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒకవైపు కమ్మీల్లో చిక్కాయి, మనవడి సీటు అంచు రెండోవైపు చెంపకు తగులుతోంది. ఒళ్లో పానకం క్యాను. తొట్టిలో పెడితే దొర్లుతుందని ఆవిడే పట్టుకుంది.

"అత్తయ్యగారూ, ఇబ్బందిగా ఉందా?"

"లేదు నాయనా, హాయిగా ఉంది."

గుడి ఇక రెండు వీధుల దూరంలో ఉందనగా ఎర్రదీపం పడింది. అల్లుడు బ్రేకు వేశాడు. మరీ గట్టిగా కూడా కాదు. క్యాను మూత లేచి మనవరాలి వైపు పానకం తొణికింది. తొణికింది అనడం మర్యాద కోసం. బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు అన్నీ కలిసి సీటు బొంత మీదికి, అక్కడి నుంచి పట్టీల్లోకి, బకిల్‌లోకి దిగాయి. మనవరాలు మోచేయి నాకి చూసి "అమ్మమ్మా, ఇంకొంచెం" అంది. మనవడు నిద్ర లేవలేదు. రెండు తరాల ఇంజనీరింగు వాణ్ణి అంత భద్రంగా పట్టుకుని ఉంది.

గుడి పార్కింగులో మనవరాలి బకిల్ ఊడలేదు. లోపల మిరియపు గింజో బెల్లపు పలుకో అడ్డుపడింది. అల్లుడు ఎర్ర మీట నొక్కుతున్నాడు, పిల్ల నవ్వుతోంది. మా ఆవిడ దిగాలంటే ఆ పిల్ల దిగాలి, సీటు ఊడాలి. లోపల కల్యాణం మొదలైంది, మైకులో మంత్రాలు వినిపిస్తున్నాయి. నలుగురు మగవాళ్లు చుట్టూ చేరారు. తెలుగువాళ్లు నలుగురు చేరితే అయిదు సలహాలు తప్పవు. పెద్ద ట్రక్కు కొనాల్సిందని ఒకాయన, మినీవ్యాన్‌ను మించింది లేదని ఒకాయన, సీట్లు సన్నవి కొనాల్సిందని ఇంకొకాయన. నాలుగో ఆయన ఫోనులో వీడియో తీస్తూ రెండు సలహాలిచ్చాడు.

ఆ గుంపును తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. పిల్లల సీట్లు సరిగ్గా బిగించారో లేదో చూసే శిక్షణ పొంది సర్టిఫికెట్ తీసుకుందట. వంటశాల నుంచి గోరువెచ్చని నీళ్లు చెంబుతో తెప్పించి బకిల్ మీద కొంచెం కొంచెంగా పోసి నొక్కింది. ఊడింది. "పట్టీలను నానబెట్టకండి, సబ్బు వేసి ఉతకకండి, తడిగుడ్డతో తుడవండి చాలు" అంది. తర్వాత అల్లుడి బిగింపు పరీక్షించి చాలా బాగుందని మెచ్చుకుంది. అల్లుడి మొహం వెలిగింది. సీటు విప్పితే మా ఆవిడ దిగి, చీర సర్దుకుని, నడుము మీద చేయి వేసుకుని నిలబడింది.

"బండి చాలా బాగుంది నాయనా" అంది. "మనుషులు ఎక్కనంతసేపూ."

ఆవిడ అల్లుడితో అంత పెద్ద మాట అనడం నేను ఎన్నడూ వినలేదు. అల్లుడు అందరికన్నా ముందు నవ్వాడు. కుర్రవాడు మంచివాడు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

తిరుగు ప్రయాణంలో ముందు సీటు మా ఆవిడది, మధ్య సీటు నాది. అమ్మాయి మళ్లీ మినీవ్యాన్‌లోనే. సీటు విప్పి, నన్ను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మళ్లీ బిగించారు. మనవరాలు దారంతా బెల్లం చేయి నా చొక్కాకు తుడుస్తూ నిద్రపోయింది. ఇల్లు చేరగానే పిల్లలిద్దరినీ ఎత్తుకుని అందరూ లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి అల్లుడు గబగబా తిరిగి వచ్చాడు.

"క్షమించండి మావయ్యగారూ, ఒక్క నిమిషం, ఇప్పుడే తీసేస్తాను" అని సీటు పట్టుకుని లాగాడు. కదలలేదు. ఇంకోసారి లాగాడు. ట్రక్కు ఊగింది. మళ్లీ లోపలికి వెళ్లి మాన్యువల్ తెచ్చుకుని, గ్యారేజీ మెట్టు మీద కూర్చుని మొదటి పేజీ తెరిచాడు.