ఉద్యోగానికి అడ్డు ఉద్యోగమే

ఉద్యోగం సంపాదించుకోవడానికి అన్నిటికన్నా పెద్ద ఆటంకం ఉద్యోగమేనని స్వానుభవం మీద సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పని లేని మనిషి తెల్లవారి లేచి, కాఫీ తాగి, పుస్తకం తెరుస్తాడు. పని ఉన్న మనిషి రాత్రి పదిన్నరకు తెరుస్తాడు. పదీ ముప్పైఅయిదుకు పుస్తకం అతని ముఖం మీద బోర్లా పడుకుంటుంది. నిరుద్యోగ సమస్య గురించి పెద్దలు ఎంతో ఆలోచించారు గాని ఉద్యోగ సమస్య గురించి ఒక్కరైనా నోరు విప్పిన పాపాన పోలేదు.

నాది కడపలో ఒక ప్రైవేటు ఆఫీసు. హోదా అకౌంటెంటు, అసలు వృత్తి ప్రింటర్ల వైద్యం. తొమ్మిదేళ్ళుగా ఎవరి కంప్యూటర్ మొరాయించినా, ఎవరి మౌసు కదలకపోయినా "ఏమప్పా, రవ్వంత చూడు" అనే పిలుపు నాకే. ఈ వైద్యానికి ఫీజు లేదు సరికదా, ఆ సందులో నా లెక్కలు ఆలస్యమైతే మాట పడేదీ నేనే. ఇదే పనికి వేరే ఊళ్ళో నెలనెలా జీతమిచ్చి గౌరవంగా సపోర్టు ఇంజినీరు అంటారని తెలిసి దరఖాస్తు పెట్టాను. అవతలివాళ్ళు అడిగింది ఒక్కటే: "సర్టిఫికెట్ ఉందా?"

అడగడంలో తప్పు లేదు. పని రావడం వేరు, వచ్చునని కాగితం ఉండటం వేరు. మన నాగరికత నిలబడింది రెండోదాని మీద. పెన్షను తీసుకునే పెద్దమనిషి కౌంటరు ముందు నిలబడి దగ్గుతున్నా, బతికే ఉన్నాడనడానికి ఏటా పత్రం కావాలి. ఆ దగ్గును ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు. నా తొమ్మిదేళ్ళూ అలాంటి దగ్గే.

అందుకని, కంప్యూటర్ పనివాళ్ళకు సర్టిఫికెట్లు ఇచ్చే కాంప్‌టియా అనే సంస్థ వారి ఏ ప్లస్ పరీక్షకు సిద్ధపడ్డాను. ఇది ఒక పరీక్ష కాదు, రెండు. ఒక్కోదానికి 90 నిమిషాలు, 90 ప్రశ్నల దాకా. మొదటిదాంట్లో 675, రెండోదాంట్లో 700 రావాలి, 900కు. ఈ మార్కుల కొలబద్ద సున్నాతో కాక 100తో మొదలవుతుంది. ఇంతటి దయ మా పదో తరగతి లెక్కల పేపరులో ఉండి ఉంటే నా జీవితం మరోలా ఉండేది. ఇది ప్రవేశ స్థాయి పరీక్ష అని చెబుతూనే, 12 నెలలు ఈ పనిలో చెయ్యి తిరిగి ఉంటే మంచిదని వారే సలహా ఇస్తారు. గుడి గడప దాటాలంటే ముందు ఏడాదిపాటు గర్భగుడిలో ఉండి రమ్మన్నట్టు.

ఇంకో మాట. పాసైనా ఈ కాగితం ఆయుష్షు మూడేళ్ళే. ఆ తర్వాత మన జ్ఞానం బతికే ఉందని మళ్ళీ రుజువు చేసుకోవాలి. పెన్షనుదారుకు ఏటా, మనకు మూడేళ్ళకోసారి. ఆ మేరకు మనమే నయం.

నేను మొదట చదివింది 2022లో వచ్చిన 1101, 1102 పేపర్ల పాఠాలు. తీరిక లేనివాడి చదువు కదా, నెలకు ఒక అధ్యాయం చొప్పున భక్తిగా నడిపాను. మూడో నోటు పుస్తకం పూర్తయ్యేసరికి 2025 సెప్టెంబరు 25 వచ్చింది, ఆ రెండు పేపర్లూ రిటైరయ్యాయి. వాటి స్థానంలో 1201, 1202 వచ్చి కూర్చున్నాయి. నాకంటే ముందు నా సిలబస్ పదవీ విరమణ చేసింది.

చదువు పద్ధతి గురించి నాలుగు మాటలు. పోర్టు నంబర్లను, అంటే నెట్‌వర్కులో ఒక్కో రకం సేవకు కేటాయించిన వాకిలి నంబర్లను, ఎక్కాల్లాగా వల్లె వేయాలి: ఇరవై రెండు ఎస్‌ఎస్‌హెచ్, ఇరవై అయిదు ఎస్‌ఎంటీపీ, యాభై మూడు డీఎన్‌ఎస్, నాలుగు వందల నలభై మూడు హెచ్‌టీటీపీఎస్. మొన్న బ్యాంకులో "టోకెన్ నంబరు 53" అని పిలిస్తే "డీఎన్‌ఎస్" అని బదులిచ్చాను. కౌంటరులోని అమ్మాయి అది నా ఇంటిపేరనుకుని రాసుకోబోయింది.

లేజర్ ప్రింటర్ ఏడు అంచెల్లో పనిచేస్తుంది. ప్రాసెసింగ్, ఛార్జింగ్, ఎక్స్‌పోజింగ్, డెవలపింగ్, ట్రాన్స్‌ఫరింగ్, ఫ్యూజింగ్, క్లీనింగ్. ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఏడు రోడ్ల కూడలి ఉన్న ఊరివాడికి ఇదొక వరం. రోజూ సాయంత్రం ఇంటికి పోతూ అక్కడ స్కూటర్ ఆపి ఒక్కో రోడ్డుకు ఒక్కో అంచె తగిలించాను. డ్రమ్ముకు విద్యుదావేశం ఎక్కించే రోడ్డు, దాని మీద లేజరు బొమ్మ గీసే రోడ్డు, ఆ బొమ్మకు నల్లపొడి అంటుకునే రోడ్డు. నేనిలా నాలుగు దిక్కులూ చూస్తూ గొణుక్కుంటుంటే ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి "ఎటు పోవాలి సార్?" అన్నాడు. "ఫ్యూజింగ్ వైపు" అనబోయి తమాయించుకున్నాను.

ఉద్యోగం చేస్తూ చదివినవాళ్ళలో మా ఊరికి ఒక ఆదిపురుషుడున్నాడు. 1820లో కంపెనీ కొలువు మీద కడపకు వచ్చిన బ్రౌన్ దొర. తెలుగు పరీక్ష మద్రాసులోనే పాసై, ఇక్కడికొచ్చాక తెలుగు నేర్చుకున్నాడు. పాసవడం ముందు, నేర్చుకోవడం తర్వాత. ఈ క్రమం నేటికీ చెక్కుచెదరలేదు. పగలు కచేరీ పని, మిగతా వేళల్లో తాళపత్రాలు. 1829కల్లా వేమన పద్యాలు అచ్చు వేయించాడు, తర్వాత నిఘంటువులు. ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో గ్రంథాలయం ఉంది. అయితే ఆయన సొంత డబ్బుతో బంగళాలో పండితులను పెట్టుకున్నాడు. నాకున్నది మా అమ్మ. "ఈ వయసులో పరీక్షలేంది నాయనా, కండ్లు పోతాయి" అని దీపం ఆర్పేస్తుంది.

అన్నిటికన్నా కష్టం సమస్యను పరిష్కరించే పద్ధతి. పుస్తకం ప్రకారం ఆరు మెట్లు: సమస్య గుర్తించు, కారణం ఊహించు, ఊహను పరీక్షించు, పథకం వేసి అమలు చెయ్యి, అంతా పనిచేస్తోందో లేదో చూడు, జరిగినదంతా రాసిపెట్టు. మా ఆఫీసులో మెట్లు రెండే. చివరగా ముట్టుకున్నది ఎవరో తేల్చడం, వాళ్ళు ఒప్పుకోకపోవడం. తొమ్మిదేళ్ళ అనుభవం ఇక్కడే కొంప ముంచుతుంది. "సాంకేతిక నిపుణుడు మొట్టమొదట ఏమి చేయాలి?" అన్న ప్రశ్నకు ఇచ్చిన నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. నేను నిజంగా మొట్టమొదట చేసే పని, అంటే ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టి దేవుణ్ణి తలుచుకోవడం, ఆ నాలుగింటిలో లేదు. తెలిసినదాన్ని మరిచిపోతే తప్ప తెలుసునని రుజువు చేసుకోలేని చిత్రమైన చదువు ఇది.

మొదటి పేపరు ఇంటినుంచే కెమెరా ముందు రాద్దామనుకున్నాను. గదిలోకి పురుగు కూడా రాకూడదు, బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు, ఫోను చేతికి అందకూడదు, ప్రశ్నను పైకి చదువుకోకూడదు. అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కాపలా ఉంటానంది. కుక్కరు విజిలు వినపడకుండా ఆ పూటకు కారం దోశలు తెప్పించుకుందామని తీర్మానమైంది. ఇక మిగిలింది సెలవు.

దరఖాస్తు టైపు చేసి ప్రింటు ఇచ్చాను. సగం బయటికి వచ్చి ఆగింది. మేనేజరు గారు గదిలోనుంచే "ఏమప్పా, మళ్ళా ఇరుక్కున్యట్టుందే, చూడు" అన్నారు. వెనక మూత తెరిచాను. నల్లపొడిని కరిగించి కాగితానికి అంటించే ఫ్యూజరు సెగ వేళ్ళకు తగులుతోంది. కాగితం రోలర్ల మధ్య విసనకర్రలా మడతలు పడి ఉంది. చిరగకుండా, అది తిరిగే దిక్కుకే రెండు చేతులతో మెల్లగా లాగాను. వచ్చేసింది. మూత వేసి, నల్లబడిన వేళ్ళు రుమాలుకు తుడుచుకుని, మడతలు సాపు చేసి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదివారు.

"పరీక్షా? దేనిమీద?"

"కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేయడం మీద సార్."

ఆయన సంతకం పెట్టబోతూ కలం ఆపి, నా వైపు జాలిగా చూశారు.

"నీకు వస్తాయా అప్పా అవి?"