అరిటాకు మీద ఆఫ్‌సైడ్

వరల్డ్ కప్ సీజన్ వచ్చిందంటే చాలు, మా నెల్లూరులో ఒక జాతి నిద్ర లేస్తుంది. ఐపీఎల్ తప్ప ఇంకో ఆట మొహం చూడని మగమహారాజులు రాత్రికి రాత్రి ఫుట్‌బాల్ మేధావులైపోతారు. ఎదురుగా ఆడమనిషి కనపడితే ఇంక ఆగలేరు, "ఆఫ్‌సైడ్ అంటే ఏందో తెల్సా అమ్మాయ్?" అని మొదలు. పాస్ ఇచ్చేటప్పుడు ఎదుటి జట్టు డిఫెండర్లని దాటి గోలు దగ్గర ముందే కాచుకుని ఉండకూడదనే రూలు అది. ఎవురూ అడగలా. మీ ఇంట్లో కూడా ఒకడుంటాడు, లేడని అబద్ధం చెప్పబాకండి.

మా ఇంటి శాంపిల్, పెద్దమ్మ అల్లుడు. మొన్న పొదలకూరు రోడ్డులో పెళ్ళికి పోతే భోజనాల బంతిలో మా చిన్నాన్న కూతురి పక్కన కూర్చున్నాడు. ఇంకా పప్పు కూడా పడలేదు, ఆకు మీద స్టేడియం కట్టేశాడు. మంచినీళ్ళ గ్లాసు గోల్ పోస్టు, దాని ముందు అప్పడం గోల్‌కీపరు అంటే గోలీ, ఆ ముందు గారె డిఫెండరు, పూర్ణం బూరె స్ట్రైకరు. బాలేమో వడియం. "చూడమ్మాయ్, బాల్ తన్నేటప్పుడు ఈ బూరెకీ గ్లాసుకీ మధ్య గోలీ కాకుండా ఇద్దరుండాల" అన్నాడు. తప్పు. గోలీతో కలిపే ఇద్దరు, అదీ 1925 నుంచి, అంతకు ముందు ముగ్గురుండేది. ఆ రెండో వాడితో సమానంగా నిలబడినా ఆఫ్‌సైడ్ కాదు. "చెయ్యి ముందుకొచ్చినా ఆఫ్‌సైడే" అన్నాడు. అదీ తప్పే, చేతులు లెక్కలోకి రావు. గ్రౌండులో మన సగంలో నిలబడినా ఆఫ్‌సైడేనంట! అట్టయితే ఇంక ఆడేదెక్కడ, పార్కింగ్‌లోనా?

ఈలోపు అలవాటైన చెయ్యి కదా, మాట్లాడతా మాట్లాడతా డిఫెండర్ని సాంబార్లో ముంచుకుని తినేశాడు. మా పిల్ల చాలా మర్యాదగా "బావా, ఇప్పుడు గారె లేదు గదా, మరి బూరె ఆఫ్‌సైడేనా?" అంది. ఆయన నములుతానే "కాదమ్మా, వడియం తన్నినప్పుడు గారె ఉండాది, ఆ తర్వాతే నేను తిన్నా" అన్నాడు. నమ్మండి, ఆ రోజు ఆయన చెప్పిన దాంట్లో కరెక్టు ఇదొక్కటే. పాస్ ఇచ్చే క్షణంలో ఎవరు ఎక్కడున్నారనేదే లెక్క, అందుకే ఖతార్ వరల్డ్ కప్‌లో బాల్ లోపల సెకనుకి 500 సార్లు కబురు పంపే సెన్సార్ పెట్టారు. మా బావ ఆకుకి అదొక్కటే తక్కువ. అంతలో వడ్డించే అబ్బాయొచ్చి రెండు గారెలు పడేసి పోయాడు, సబ్‌స్టిట్యూట్లు దిగిపోయారు, వెనకాలే వచ్చినాయన పులిహోర సగం గ్రౌండు మీద గుమ్మరించాడు, గోల్‌కీపరు కింద పడి విరిగిపోయాడు, అయినా మా బావ ఆపితేగా.

అప్పుడు మా పిల్ల "త్రో ఇన్ నుంచి నేరుగా వస్తే?" అంది. బాల్ గ్రౌండు బయటికి పోయాక మళ్ళీ ఆట మొదలెట్టే త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్, ఈ మూడింట్లో నేరుగా వచ్చిన బాల్‌కి ఆఫ్‌సైడ్ లేదు. బావ ఒక్క క్షణం బూరె వైపు చూశాడు. బూరె ఏం చెప్పలేదు. "అయ్యన్నీ నీకెందుకులే, ఆడోళ్ళకి ఇది ఎక్కదు" అని స్ట్రైకర్ని కూడా నోట్లో వేసుకున్నాడు.

ఈ రోగం మా జిల్లాదే కాదులెండి. 2011లో ఇంగ్లండ్‌లో వుల్వ్స్–లివర్‌పూల్ మ్యాచ్‌కి సియాన్ మాసీ అనే ఆమె ఆఫ్‌సైడ్ చూసే అసిస్టెంట్ రిఫరీగా లైన్ మీద జెండా పట్టుకుంటే, ఆండీ గ్రే, రిచర్డ్ కీస్ అనే ఇద్దరు టీవీ పెద్దమనుషులు ఆఫ్‌సైడ్ ఆమెకి ఎవరైనా చెప్పాల్సిందేనని మైకులు ఆఫ్‌లో ఉన్నాయనుకుని నవ్వుకున్నారు. ఆ మ్యాచ్‌లోనే ఒక గోలుకి ముందు వెంట్రుక వాసిలో ఆఫ్‌సైడ్ కాదని ఆమె జెండా ఎత్తలేదు, రీప్లేలో చూస్తే ఆమే కరెక్టు. గ్రే ఉద్యోగం ఊడింది, కీస్ తనే పోయాడు. 2022 వరల్డ్ కప్‌లో కోస్టారికా–జర్మనీ మ్యాచ్‌కి రిఫరీ స్టెఫానీ ఫ్రాపార్, రెండు లైన్ల మీదా ఆడవాళ్ళే. అర్ధరాత్రి లేచి ఆ మ్యాచ్ చూసింది మా బావే, వాళ్ళ ఆఫ్‌సైడ్ జెండాలకి "కరెక్ట్ కరెక్ట్" అని అరిచిందీ ఆయనే.

అసలు సంగతి చెప్పనా. మా పిల్ల స్కూల్లో ఫుట్‌బాల్ ఆడింది, లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ అంచున. డిఫెన్సు లైన్ పైకొచ్చేదాకా ఆగి, పాస్ పడ్డాక ఉరకడం దానికి కాళ్ళల్లో ఉన్న విద్య, ఎవడూ ఆకు మీద గీసి చూపించలా. తొమ్మిదో క్లాసులో ఆపించారు. ఎండకి నల్లబడతావన్నారు, మోకాళ్ళ మీద మచ్చలుంటే సంబంధాలు రావన్నారు, టెన్త్ బ్యాచ్ అని చెప్పి స్కూలోళ్ళు గేమ్స్ పీరియడ్ కూడా పీకేసి లెక్కలు పెట్టారు. ఆ మాటలన్నది ఎవరనుకుంటున్నారు? ఇదిగో, ఈ బంతిలో కూర్చుని బూరెలు జరుపుతున్న ఈ మొహాలే! బూట్లు లాక్కుని అటక మీద పడేసి, పదేళ్ళ తర్వాత అదే పిల్లకి రూలు నేర్పడానికి సిగ్గుండక్కర్లా? మీకు తెలీకపోతే తెలీదు, నోరు మూసుకుని అన్నం తినండయ్యా, ఆ పిల్లనెందుకు చిన్నబుచ్చుతారు?

పెళ్ళి మర్యాద కాబట్టి ఇదంతా అక్కడ అనలేదు. వచ్చే నెల బావ వాళ్ళ గృహప్రవేశం. బాల్ చేతికి తగిలితే వచ్చే హ్యాండ్‌బాల్ రూలు గూడా వివరంగా చెప్తానని ఫోన్ చేసి మరీ పిలిచాడు. భోజనాల్లో ఏమేం పెడుతున్నారో ముందే కనుక్కోవాల.